ఉడుతల తాడు కింద ఆడిన నాటకం

పత్రికల్లో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చున్నారో లేదో, "మీరు జైలుకు పోయిన్రా సార్? మీ పేపరు జప్తు చేసిన్రా?" అని మొదలుపెడతారు. జైలుకు పోలేదు నాయనా. పేపరు జప్తు చేశారు గాని, ఆ కథ నాకంటే బాగా చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు, వాళ్లను అడగండి.

మొన్న ఒకడు వచ్చాడు. చురుకైన కుర్రాడు. బస్టాండులో ఒక ముసలామెకు డబ్బులిచ్చి, తప్పిపోయినట్టు ఏడవమని కూర్చోబెట్టాడట. తాను టీ కొట్టులో దాక్కొని, ఆమెను ఎవరు పలకరిస్తారో చూశాడట. "ఒక్కడు ఆగలే సార్! గిదీ మన జనాల మానవత్వం!" అని ఛాతీ విరుచుకొని చెప్పాడు.

"ఆగి ఉంటే ఏం చేసేవాడివి?" అని అడిగాను.

"ఆయన ఫొటో ఏస్తుంటి సార్, పేరు తోటి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి లోపలికి పోయాను. మా ఆవిడే టీ ఇచ్చి సాగనంపింది. వాడికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి ఎవరైనా మానుకుంటారన్న భ్రమ నాకు లేదు. నేను చూసినంతలో ఈ వృత్తిలో ఎవరూ ఏదీ మానుకోలేదు.

అప్పటి పని

1940ల్లో నేను సిద్దిపేటలో ఉండి, పట్నంలో అచ్చయ్యే ఒక తెలుగు వారపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. పట్నం అంటే మాకు హైదరాబాదే. మా బాపుకు బజారులో కిరాణా దుకాణం ఉండేది కాబట్టి తిండికి లోటు లేదు, లేకపోతే ఈ పని చేసి బతికేవాణ్ణి కాను. తపాలాలో వేస్తే సర్కారోళ్లు విప్పి చదివేవారు. అందుకని రాసిన కాగితాలు మడిచి బస్సు డ్రైవరు చేతిలో పెడితే, అతను సీటు కింద పెట్టుకొని పోయేవాడు. మా ఆఫీసు నౌకరు బస్సుకు ఎదురొచ్చి తీసుకునేవాడు.

ఏం రాసేవాళ్లమంటే, గత్తర, అంటే కలరా, వచ్చిందని, చెరువు తెగిందని, ఎక్కువగా వెట్టి గురించి. ఈ కాలం పిల్లలకు వెట్టి అంటే చెప్పాలి. కూలి లేకుండా, పిలిచినప్పుడల్లా దొర ఉండే కోటలాంటి గడీకి పోయి చెయ్యాల్సిన చాకిరీ అది. పడలేక కొందరు ఊరు విడిచి పారిపోయేవారు. పారిపోయినవాడికి ఏ శిక్షో, దాచినవాడికీ అదే శిక్ష. ఎవరు దాచారో, ఎవరు దారి చూపారో ఊరంతటికీ తెలిసేది, ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. "ఉన్నది ఉన్నట్టు చెప్తే ఊరు అచ్చిరాదు" అని మావైపు సామెత. ఎంతమంది ప్రాణాలు ఆ సామెత కాపాడిందో లెక్కలేదు. మేం మాత్రం దాన్ని పిరికితనం అని సంపాదకీయాలు రాసేవాళ్లం.

వామనరావు గారు

మా సంపాదకుడు వామనరావు గారు చెడ్డవాడైతే నాకు ఈ రాత సులువయ్యేది. ఆయన నిజాయితీపరుడు. తన చొక్కా చిరిగినా కుట్టించుకోక కాగితం కొనేవాడు. అన్నం ముందర కూర్చొని కూడా వెట్టి గురించే మాట్లాడేవాడు. ఎక్కడో విలాయతు పత్రికల్లో విలేఖరులు మారువేషాలు వేసి వార్తలు తెస్తున్నారని చదివాడు. కోతికి కొబ్బరికాయ దొరికింది. ఆ వారమే బస్సెక్కి సిద్దిపేటకు వచ్చి మా దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

"జనాన్ని అడిగితే అబద్ధం చెబుతారయ్యా. అడగకుండా చూడాలి. పారిపోయి వచ్చిన వెట్టివాడు ఎదురుపడితే మన జనం ఏం చేస్తారు? అది కళ్లారా చూసి రాద్దాం."

"నిజంగ పారిపోయొచ్చినోడు మనకు యాడ దొరుకుతడు?" అన్నాను.

"దొరకడు. మనమే పుట్టిద్దాం."

తక్కెడ పట్టుకొని బెల్లం తూస్తున్న మా బాపు తల ఎత్తకుండానే, "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊకెనే అన్లే పంతులూ. గీ ఆటల ఎలుక ఎవలో జర సూసుకోండ్రి" అన్నాడు. వామనరావు గారు నవ్వాడు. నేనూ నవ్వాను. కిరాణా దుకాణదారుకు పత్రికల సంగతి ఏం తెలుస్తుందని మా ధీమా.

రాజయ్య వేషం

బాగోతాలాడే రాజయ్య మాకు తెలిసినవాడు. ఎప్పుడూ రాజు వేషాలే కట్టేవాడు. "గోచి గట్టి దెబ్బలు తినే ఏషమా? గిదేం కర్మ సావుకారీ" అని గునిశాడు, అయినా ఒప్పుకున్నాడు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది కదా, దాన్ని వీపు మీద వాతలు తేలినట్టు పూసుకున్నాడు.

ముందు సిద్దిపేట బజారులో తిప్పాం. బట్టల దుకాణం శేటు మెట్లు ఎక్కనివ్వలేదు. ఇంకొకాయన పిడికెడు పేలాలు పోసి, "గీడ కూసోకు బిడ్డా, మా మీదికొస్తది" అని చేతులు జోడించాడు. గుడి దగ్గర ఒకడు మాత్రం భుజం మీద చెయ్యి వేసి, ఏ ఊరు, ఏ దొర, ఎటు పోతున్నవని ఎంతో ప్రేమగా అడిగాడు. అడిగినవాడు అడిగినట్టే పోలీసు నాకా వైపు నడిచాడు. సందులోంచి రాజయ్యను తప్పించేసరికి మాకు ముచ్చెమటలు పట్టాయి.

ఆ సాయంత్రం వామనరావు గారు దిగాలుగా కూర్చున్నాడు. "అందరూ ఇట్లాంటివాళ్లే అయితే వ్యాసం మరీ చేదుగా ఉంటుందయ్యా. ఒక్క మంచివాడు కావాలి" అన్నాడు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టే ఉంది ఆ మాట. కొండపాక అవతల ఒక ఊళ్లో ఎల్లయ్య అని, మంచివాడని పేరున్న కల్లు గీసే గౌండ్లాయన ఉన్నాడు, అక్కడికి పోదామన్నాను. ఊరి పేరు అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను.

మండువ దగ్గర

తాటిచెట్టును మావైపు తాడు అంటారు. కల్లు గీసే ఒక్కొక్కరికి కొన్ని చెట్లు పంచి ఉంటాయి, మంచి కల్లు ఇచ్చే చెట్లకు పేర్లు కూడా ఉంటాయి. ఎల్లయ్య గీసే చెట్లలో ఒకదాని పేరు ఉడుతల తాడు. దాని మట్టల్లో ఎప్పుడూ ఉడుతలు కాపురం ఉండేవి. ఆ చెట్టు కల్లు పేరుకెక్కినది, కాబట్టి దొరకు పోవాల్సిందే. పొద్దున్నే ఆ చెట్టు లొట్టి, అంటే కల్లు కుండ, దించి పక్కన పెడితే గడీ జవాను వచ్చి ఊరికే తీసుకుపోయేవాడు. దాన్ని ఇంకొకరికి పొయ్యడానికి లేదు.

వామనరావు గారిని సిద్దిపేటలోనే ఉంచి, నేను తాగడానికి వచ్చినట్టు కల్లు అమ్మే మండువలో కూర్చున్నాను. ఎల్లయ్య అప్పుడే చెట్టు దిగాడు, నడుముకు చెట్టెక్కే మోకు ఇంకా ఉంది. అతని భార్య లచ్చవ్వ తాటాకు రేకల్లో కల్లు పోస్తోంది. రాజయ్య పొలంలోంచి పరుగెత్తుకొచ్చి ఎల్లయ్య కాళ్ల మీద పడ్డాడు.

"అన్నా, నీ కాల్మొక్త. గడీ నుంచి ఉరికొచ్చిన. జర దాసిపెట్టు."

తాగుతున్నవాళ్లు ఒక్కొక్కరే రేకలు కింద పెట్టి లేచిపోయారు. నేను ఒక్కణ్ణే మిగిలాను. ఎల్లయ్య నా వైపు చూశాడు.

"సావుకారీ, నువ్వేం సూడలే కద?"

"ఏం సూడలే" అన్నాను.

"లచ్చీ, కమ్మలు తియ్యి."

తాటికమ్మల కుప్ప ఎత్తి రాజయ్యను దాని కింద దూర్చారు. దూర్చే ముందు, "పెయ్యంత వణుకుతుండు, జర తాగనియ్యి" అని లచ్చవ్వ చేతికందిన లొట్టి వంచింది. అది గడీ లొట్టి. ఆమెకు తెలుసు. ఎల్లయ్య చూశాడు, వద్దనలేదు.

అంతలోనే జవాను రానే వచ్చాడు. అది మా నాటకంలో లేదు. లొట్టి ఎత్తి ఊపి చూసి, "ఎల్తి ఉందేందిరా?" అన్నాడు.

"ఉడుతలు తాగినయయ్యా" అన్నాడు ఎల్లయ్య.

జవాను పడీపడీ నవ్వి, బీడీ ముట్టించుకొని, ఆ కమ్మల కుప్ప మీదనే కూర్చున్నాడు. బీడీ అయిపోయేదాకా ఊరి ముచ్చట్లు చెప్పాడు. ఎల్లయ్య ఊకొడుతూనే నడుముకున్న మోకు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. ఆ మనిషి ఒక అబద్ధం కోసం ప్రాణం పణంగా పెట్టాడని అక్కడ నాకూ రాజయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. నా గుండె కొట్టుకుంది. భయంతో కాదు, ఇంత మంచి వార్త నాకు జన్మలో దొరకలేదన్న సంతోషంతో. ఈ వృత్తి మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఆ సంతోషాన్ని చూడండి, చాలు.

జవాను పోయాక లచ్చవ్వ జొన్నరొట్టెలు మూటగట్టి రాజయ్య చేతిలో పెట్టింది. "బాట మీదికెల్లి పోకు, దొర గుర్రాలు తిరుగుతయి. కుంట కట్ట మీదికెల్లి పో. పైలం బిడ్డా. మల్ల అవుసరమైతే రా, మా తలుపు తీసే ఉంటది" అంది.

తిరిగి వస్తుంటే రాజయ్య మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ రొట్టెలు తినలేదు, పారెయ్యనూ లేదు. సిద్దిపేటలో దిగాక, "గిసుంటి ఏషం మల్ల ఎయ్య సావుకారీ, నన్ను పిలువకు" అని వెళ్లిపోయాడు.

ఎల్లయ్యకు నిజం చెప్పి వద్దామని నేను అంటే వామనరావు గారు ఒప్పుకోలేదు. "చెబితే పదిమందికి పాకుతుంది, అచ్చు కాకముందే వార్త చచ్చిపోతుంది. తర్వాత చెప్పొచ్చులే" అన్నాడు. చాలా రోజుల వరకు ఆ మొగుడూ పెళ్లాం పొద్దుగూకగానే రెండు రొట్టెలు గూట్లో పెట్టి, గొళ్లెం వెయ్యకుండా పడుకున్నారట. ఆ పిలగాడు దాటిండో లేదో, మళ్లీ వస్తాడేమోనని.

పేరు లేదు, ఊరు లేదు

వ్యాసం గొప్పగా వచ్చింది. వేషం వేయించింది మేమేనని అందులో దాచకుండా రాశాం. పసుపు, సున్నం సంగతి కూడా రాశాం. మనిషి పేరు రాయలేదు, ఊరి పేరు రాయలేదు. ఇక ఎవరికి ఏ ప్రమాదమని వామనరావు గారి నమ్మకం. అయితే నేను చెప్పిన ముచ్చటలో ఆయనకు బాగా నచ్చింది ఉడుతల తాడు. దొర తాగే ఉడుతల తాడు కల్లు వెట్టివాడి గొంతులో పడిందని పెద్ద అక్షరాల్లో వేశాడు. పట్నంలో పుట్టినవాడికి అదొక చెట్టు పేరు. కొండపాక చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, చెట్టు పేరు చెప్పాక గీసేవాడి పేరు చెప్పాల్సిన పని లేదు. బస్సులో వచ్చిన పత్రిక విప్పి ఆ ముక్క చూసి ఉన్నపళాన లేచాను. నేను బస్సు దొరికించుకొని ఆ ఊరు చేరేటప్పటికే గడీలో చదవడం అయిపోయింది. మా పత్రికను అందరికంటే ముందు చదివేది దొరలే.

ఎల్లయ్యను గడీకి పిలిపించారు. అక్కడున్నవాళ్లు తర్వాత నాకు చెప్పారు. "నాటకమట కద దొరా, బాంచెను. ఆడు నిజమైనోడు కాదట" అని ఎల్లయ్య మొత్తుకున్నాడు.

"ఆడు నిజమైనోడు కాదు" అన్నాడట దొర. "నువ్వు నిజమైనోనివే కద?"

వంగబెట్టి వీపు మీద బండ ఎత్తారు. చెట్లన్నీ గుంజుకొని వేరేవాడికి ఇచ్చారు. నడుము నిలబడ్డాక ఎల్లయ్య బొంబాయికి పోయాడు, కూలి చేసుకుంటానని. ఆ తర్వాత అతని జాడ లేదు.

దొర అన్న మాటకు జవాబు నేను ఇన్నేళ్లూ వెతికాను. లేదు. తన ఊళ్లో ఎవడు ఎవణ్ణి దాస్తాడో దొరకు ఎప్పటికీ తెలిసేది కాదు. కొట్టినా, తిట్టినా చెప్పేవాళ్లు కాదు. మేం పోయి కనుక్కొని, అచ్చువేసి, ఆయన చేతిలో పెట్టాం. మనుషుల్లో చెడ్డవాణ్ణి పట్టడానికి వల వేస్తే అందులో పడేది మంచివాడే. చెడ్డవాడికేం పోయింది? ఆ గుడి దగ్గరి మనిషి అదే గుడి దగ్గర హాయిగా కూర్చొని ముసలివాడయ్యాడు.

వామనరావు గారికి ఈ సంగతి చెబితే తల పట్టుకున్నాడు. కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. ఆ పైవారం బండ శిక్ష మీద ఒక వ్యాసం రాశాడు. అది కూడా బాగానే ఉంది.

తర్వాత వచ్చినవాడు

కొన్నాళ్లకు మద్దూరు వైపు నుంచి ఒకతను పారిపోయి వచ్చాడు. అతను నిజమైనవాడు. పొద్దుగూకే వేళ లచ్చవ్వ ఇంటి ముందు నిలబడి, నీళ్లు పొయ్యమని, ఈ ఒక్క పూట దాచమని దండం పెట్టాడు. చినిగిన గోచి, వీపు నిండా వాతలు. అన్నీ వ్యాసంలో ఉన్నట్టే ఉన్నాయి. లచ్చవ్వ అతని ముఖం చూడలేదట. వెనకాల చెట్ల కింద ఎవరు కూర్చొని రాసుకుంటున్నారా అని చూసిందట.

"పో! పోయి మీ పేపరాయనకు చెప్పు, గీ ఇంట్ల మొగోడు లేడు, దాసేటోళ్లు లేరని!" అని వాడకంతా వినబడేటట్టు అరిచింది. వాడకట్టు కదిలి వచ్చింది. జనం చుట్టూ మూగి నవ్వారు. ఎవరో అతని వీపు మీది వాతను వేలితో రుద్ది చూశారు, పసుపూ సున్నమేమోనని. అతను గొల్లున ఏడిస్తే, "మంచిగ ఆడుతుండు రా!" అన్నారు.

కుంట కట్ట మీదుగా పొమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు. బాట పట్టి పోయాడు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ అతని అన్న ఆ ఊళ్లో జరిగింది విని, సిద్దిపేటలో మా దుకాణానికి వచ్చి, నా పేరు చెప్పి ఏడిస్తేనే ఇదంతా నాకు తెలిసింది. తర్వాత ఆ అన్నే వచ్చి, పాడుబడ్డ బావిలో పీనుగు దొరికిందని చెప్పిపోయాడు. మా బాపు అతనికి నీళ్లిచ్చాడు. నా వైపు చూడలేదు.

లచ్చవ్వ అడిగింది

నేను ఆ ఊరికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు, వార్త కోసం మాత్రం కాదు. మధ్యాహ్నం వేళ లచ్చవ్వ గడప దగ్గర కూర్చొని తాటాకు చాప అల్లుతోంది. మనిషి సగమైంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అచ్చినవా సావుకారీ. కూసో" అంది. చాప అల్లుతూనే ఉంది.

కూర్చున్నాను. ఒక వరస పూర్తయ్యాక ఆమె చేతులు ఆగాయి.

"ఒక్కటి అడుగుత, చెప్తవా? మొన్న అచ్చినాయిన మీవోడేనా?"

నేను చాప వైపు చూశాను.

"పసుపు సున్నం కాదన్నరు. రుద్దినోళ్లే చెప్పిన్రు, చేతికి నెత్తురంటిందట. గని మీరు సదువుకున్నోళ్లు. ఈపారి ఏదో కొత్త రంగు పూసిన్రేమో అనుకున్న. గట్లనే కద? మీవోడే అని చెప్పు సావుకారీ. నీ కాల్మొక్త, మీవోడే అని చెప్పు."

"మావోడే లచ్చవ్వా" అన్నాను.

"బతికే ఉన్నడా?"

"ఉన్నడు."

"గిప్పుడు యాడున్నడు?"

"పట్నంల. బాగోతాలు ఆడుకుంట మంచిగనే ఉన్నడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందో, నమ్మాలనుకుందో ఈనాటికీ నాకు తెలియదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మంచిగ ఆడిండు" అంది. "ఏడిసిండు సుత. గప్పటి సంది నాకు ముద్ద దిగుతలేదు." మళ్లీ చాప చేతిలోకి తీసుకుంది. "మల్ల ఎవ్వల్ని పంపకుండ్రి సావుకారీ. గిప్పుడు మా ఊర్ల ఎవలొచ్చినా తలుపు తీస్తలేరు."

"పంపం లచ్చవ్వా. ఇగ ఎవ్వలు రారు" అన్నాను.

అది కూడా అబద్ధమే. ఆ ఏడాది పొడుగునా ఆ దారిన మనుషులు వస్తూనే ఉన్నారు. అందరూ నిజమైనవాళ్లే.